చిత్తూరు ఉప ఎన్నిక నుంచి డీకేటీ పట్టా దాకా: ‘సామ్యవాదం’ గొడవ అసలు ఎక్కడ మొదలైంది?

రాజ్యాంగ పీఠికలో ‘సామ్యవాద’ అన్న మాట ఉండాలా, తీసేయాలా అన్న రచ్చ మళ్లీ రాజుకుంది. 42వ సవరణతో 1976లో ఆ మాట ఎలా చేరిందో, 1991లో పీవీ నరసింహారావు ప్రభుత్వం దారి ఎలా మార్చిందో అందరికీ తెలుసు కాబట్టి ఆ కథ జోలికి పోవడం లేదు. కోర్టు మాట మాత్రం గుర్తుంచుకోవాలి. పీఠిక సవరణను సవాలు చేసిన పిటిషన్లను 2024 నవంబరు 25న సుప్రీంకోర్టు కొట్టేసింది. మన దేశంలో సామ్యవాదం అంటే సంక్షేమ రాజ్యమని, ప్రైవేటు వ్యాపారానికి అది అడ్డు కాదని చెప్పింది. అంతకు ఇరవై రోజుల ముందు, నవంబరు 5న, తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం మరో తీర్పు ఇచ్చింది. ప్రతి ప్రైవేటు ఆస్తినీ, వనరులు అందరి మేలుకు పంచాలనే 39(బి) అధికరణం కింద, ‘సమాజ భౌతిక వనరు’గా లెక్కగట్టడానికి వీల్లేదని మెజారిటీ తేల్చింది.

తిరుపతి, చిత్తూరు జిల్లాల రైతుకు ఈ తగాదా పీఠికలో కనిపించదు. చేతిలో ఉన్న డీకేటీ పట్టాలో, అంటే ప్రభుత్వం పేదలకు సాగుకు ఇచ్చిన భూమి కాగితంలో, కనిపిస్తుంది. ఆ పట్టా భూమిని అమ్ముకోవచ్చా? ప్రభుత్వం తీసుకుంటే ఏ లెక్కన డబ్బు ఇస్తుంది? ఈ రెండు ప్రశ్నల మూలం 1976లోనూ లేదు, 1991లోనూ లేదు. 1959కీ 1964కీ మధ్య ఉంది. ఆ మధ్యలో చిత్తూరు ఓటర్లు నేరుగా తీర్పు చెప్పిన సందర్భం ఒకటుంది. దాన్ని ఇప్పుడు ఎవరూ తలచుకోవడం లేదు.

1962 సాధారణ ఎన్నికల్లో చిత్తూరు లోక్‌సభ స్థానం నుంచి మాడభూషి అనంతశయనం అయ్యంగార్ గెలిచారు. తిరుచానూరు మనిషి, అప్పటిదాకా లోక్‌సభ స్పీకరు, కాంగ్రెస్ పెద్ద. అదే ఏడాది మే నెలలో బీహారు గవర్నరుగా వెళ్లడంతో సీటు ఖాళీ అయింది. ఆ ఉప ఎన్నికలో చిత్తూరు జనం గెలిపించింది కాంగ్రెస్‌ను కాదు, స్వతంత్ర పార్టీ అధ్యక్షుడు ఎన్.జి. రంగాను. ఆయనది గుంటూరు జిల్లా నిడుబ్రోలు. సాధారణ ఎన్నికల్లో తెనాలిలో ఓడిపోయారు. స్పీకరు గెలిచిన సీటు కొద్ది నెలల్లోనే, బయటి జిల్లా నుంచి వచ్చిన ప్రతిపక్ష నాయకుడి చేతికి వెళ్లింది. అప్పటి స్వతంత్ర పార్టీ బలం చూస్తే ఇది చిన్న విషయం కాదు: లోక్‌సభలో 18 సీట్లు, ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో 19.

రంగా కాంగ్రెస్‌ను ఎందుకు వదిలారన్నదే ఇక్కడ అసలు సంగతి. 1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ మహాసభ ఒక తీర్మానం చేసింది. రైతులు భూములన్నీ కలిపేసి ఉమ్మడిగా సహకార సేద్యం చేయాలి. యాజమాన్యం కాగితం మీద రైతుదే. పంట వచ్చాక ఎవరి భూమి ఎంతో దాన్నిబట్టి వాటా, పనిచేసిన వాళ్లకు, భూమి ఉన్నా లేకున్నా, పనిని బట్టి వాటా. ముందు మూడేళ్లు సేవా సహకార సంఘాలు (అప్పు, విత్తనం, ఎరువు అందించేవి), ఆ తర్వాత ఉమ్మడి సేద్యం. భూపరిమితి చట్టాలు ఆ ఏడాది చివరికల్లా రావాలి. ధాన్యం టోకు వ్యాపారం ప్రభుత్వం చేతుల్లోకి రావాలి. అప్పటికి కాంగ్రెస్ పార్లమెంటరీ పార్టీ కార్యదర్శిగా ఉన్న రంగా బయటికి వచ్చేశారు. జూన్‌లో మద్రాసులో రాజాజీ అండగా స్వతంత్ర పార్టీని ప్రకటించారు, రంగా అధ్యక్షుడయ్యారు.

స్వతంత్ర పార్టీ అంటే జమీందార్ల పార్టీ, మిల్లు యజమానుల పార్టీ అని ఈనాటికీ ఒక్క మాటలో కొట్టేస్తుంటారు. ఆ పార్టీలో రాజులూ ఉన్నారు, వ్యాపారులూ ఉన్నారు, నిజమే. రంగా వాదం మాత్రం రెండు మూడెకరాల రైతు గురించి. ఆ వాదం బలం తెలియాలంటే మెట్ట సేద్యంలో ఒక్క బావిని చూస్తే చాలు. నలుగురు అన్నదమ్ములకు ఒకే బావి ఉంటుంది. కపిల (ఎద్దులతో బావి నీళ్లు తోడే తోలు బాన) తోలడానికి రోజులు పంచుకుంటారు: ఒకరికి సోమ, మంగళ, ఇంకొకరికి బుధ, గురు, ఇలా. తన వంతు రోజు తెల్లవారుజామున ఎద్దులు కట్టేవాడు ఆ నీళ్లు తన మడికే పారతాయని కడతాడు. గట్టు తెగితే రాత్రికి రాత్రే వేసుకుంటాడు. ఉమ్మడి సేద్యంలో ఆ గట్టు ఎవరిది? నాలుగు రోజులు వాన పడక వేరుశనగ వాడుతుంటే నీళ్లు ఏ చెక్కకు ముందు మళ్లించాలో ఎవరు చెప్పాలి? సంఘం కార్యదర్శి చెప్పాలి. ఎవరు ఎన్ని రోజులు పనిచేశారో హాజరు పట్టీ ఆయనే రాయాలి. భూమి వాటా ఎంత, పని వాటా ఎంత అన్న లెక్కా ఆయనదే. పట్టా రైతు పేరుతోనే ఉంటుంది, సేద్యం మీద మాట మాత్రం అతని చేతిలో ఉండదు. రంగా అభ్యంతరం ఇదే. ఇదే మాటను ఉత్తరాన చరణ్ సింగ్ కాంగ్రెస్‌లో ఉంటూనే గట్టిగా అన్నారు.

రెండో వైపు వాదమూ ఉంది. సెంటు భూమి లేని కూలీకి పట్టా హక్కు గురించిన చర్చ ఏం పెడుతుంది? కార్వేటినగరం, పుంగనూరు, శ్రీకాళహస్తి జమీందారీలను 1948 చట్టం రద్దు చేశాక కూడా సెంటు లేనివాడి చేతికి భూమి రాలేదు. భూపరిమితి లేకుండా ఆ లోటు తీరదని నెహ్రూ పక్షం చెప్పింది.

ఉమ్మడి సేద్యం నడవలేదు. సేవా సహకార సంఘాల దగ్గరే ఆగిపోయింది. ఆ తీర్మానంలోని రెండో సగం, భూపరిమితి, మాత్రం ముందుకు సాగింది. అక్కడే రాజ్యాంగం అడ్డొచ్చింది. 31ఏ అధికరణం ‘ఎస్టేట్’ భూములకు సంబంధించిన చట్టాలనే కోర్టు దాడి నుంచి కాపాడేది. జమీందారీ భూమి ఎస్టేట్. సర్కారుకు నేరుగా శిస్తు కట్టే రైత్వారీ పట్టా భూమి ఎస్టేట్ కిందికి రాదు. ఈ తేడా పట్టుకునే 1961 డిసెంబరులో సుప్రీంకోర్టు కేరళ వ్యవసాయ సంబంధాల చట్టాన్ని, మద్రాసు నుంచి కేరళలో కలిసిన కాసరగోడు, హోస్‌దుర్గ్ తాలూకాల రైత్వారీ భూముల మేరకు, కొట్టేసింది. 1964 మార్చిలో మద్రాసు భూపరిమితి చట్టాన్నే కొట్టేసింది. మన సరిహద్దు దాటితే అదే మద్రాసు రాష్ట్రం. 1960 ఏప్రిల్ దాకా చిత్తూరు జిల్లాలోనే ఉన్న తిరుత్తణి అప్పటికి అక్కడే ఉంది.

దీనికి విరుగుడుగా వచ్చిందే 17వ సవరణ. రైత్వారీ భూమిని కూడా ‘ఎస్టేట్’ నిర్వచనంలో కలిపేసింది, 44 చట్టాలను కోర్టు సవాలు నుంచి కాపాడే తొమ్మిదో షెడ్యూలులో పెట్టింది. లోక్‌సభలో మొదటి ప్రయత్నంలో అవసరమైన మెజారిటీ రాలేదు. నెహ్రూ మరణం తర్వాత ప్రత్యేక సమావేశంలో నెగ్గి, 1964 జూన్ 20న చట్టమైంది. చిత్తూరు ఎంపీగా రంగా లోక్‌సభలో ఉన్నది సరిగ్గా ఆ కాలంలోనే. సవరణ ఆగలేదు గానీ, అందులో ఒక షరతు చేరింది. రైతు సొంతంగా సాగు చేసుకుంటున్న, పరిమితికి లోబడిన భూమిని ప్రభుత్వం తీసుకుంటే మార్కెట్ విలువకు తగ్గకుండా పరిహారం ఇవ్వాల్సిందే. చిన్న రైతు పేరు చెప్పి పోరాడినవాళ్లు లేకపోతే ఆ వాక్యం వచ్చేదని నమ్మడం కష్టం. 1978లో 44వ సవరణ ఆస్తిహక్కును ప్రాథమిక హక్కుల నుంచి తీసేసినా 31ఏలోని ఆ షరతు అలాగే ఉంది. పీఠికలో ఒక మాట ఉండటం కంటే, తీసేయడం కంటే, చిన్న రైతుకు ఈ షరతు ఎన్నో రెట్లు ముఖ్యం.

ఇక ఆచరణ. 1961 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం పరిమితిని భూమి రకాన్ని బట్టి 27 నుంచి 324 ఎకరాల దాకా పెట్టింది. అంటే దాదాపు ఎవరి భూమీ పోలేదు. 1973 చట్టం పట్టు బిగించింది. ఐదుగురి దాకా ఉన్న కుటుంబానికి మాగాణి 10 నుంచి 27, మెట్ట 35 నుంచి 54 ఎకరాలు. లెక్క ఇలా సాగుతుంది. ఒక ఊళ్లో ఆ తరగతి మాగాణికి పరిమితి 15 ఎకరాలు, మెట్టకు 45 అనుకుందాం. కుటుంబానికి 10 ఎకరాల మాగాణి, 30 ఎకరాల మెట్ట ఉంటే, మాగాణి మూడింట రెండు వంతులు, మెట్ట ఇంకో మూడింట రెండు వంతులు. కలిపితే ఒకటీ మూడో వంతు. ఆ మూడో వంతు మిగులు. అంటే 5 ఎకరాల మాగాణో, 15 ఎకరాల మెట్టో అప్పగించాలి.

చెడింది ఇక్కడే. ఏ భూమి అప్పగించాలో చెప్పుకునే అవకాశం భూస్వామికే ఉంది. సహజంగా గుట్ట పక్కన రాళ్లు తేలిన చెక్క, నీళ్లెక్కని చెక్క ట్రైబ్యునల్‌కు వచ్చాయి. 1971 జనవరి 24 తర్వాత జరిగిన బదిలీలను చట్టం అనుమానించింది గానీ, అంతకుముందే పంచుకున్న వాళ్లను ఏమీ చేయలేకపోయింది. అలా వచ్చిన మిగులు భూమి, దానితోపాటు ప్రభుత్వ బంజరు, పేదలకు పంచారు. అదే ఇక్కడి జనం డీకేటీ పట్టా అనే కాగితం.

ఆ కాగితం ఇచ్చిన చేత్తోనే ప్రభుత్వం 1977లో అసైన్డ్ భూముల (ఇలా పేదలకు పంచిన భూముల) బదిలీ నిషేధ చట్టం తెచ్చింది. సాగు చేసుకోవచ్చు, వారసులకు ఇవ్వొచ్చు, బ్యాంకులోనో సహకార సంఘంలోనో తనఖా పెట్టొచ్చు. అమ్మితే చెల్లదు. అమ్మినట్టు తేలితే తహశీల్దారు వెనక్కి తీసుకోవచ్చు. షావుకారు పాలు కాకూడదన్న ఉద్దేశం మంచిదే. జరిగింది వేరు. బిడ్డ పెళ్లికో ఆసుపత్రి ఖర్చుకో డబ్బు కావలసినవాడు స్టాంపు కాగితం మీద అగ్రిమెంటు రాసిచ్చాడు. రిజిస్ట్రేషన్ కాని భూమి కాబట్టి పక్క పట్టా చేను ధరలో చిన్న వంతే చేతికొచ్చింది. కొన్నవాడి పేరు అడంగల్‌లో (ఊరి సాగు లెక్కల పుస్తకంలో) అనుభవదారుగా ఎక్కింది, పట్టాదారు కాలమ్‌లో పేదవాడి పేరే మిగిలింది. ప్రభుత్వానికి భూమి కావలసి వస్తే ఆ కాగితం ఇంకా పలచనయ్యేది: ‘మేమిచ్చిందే, మేం తీసుకుంటున్నాం’ అని ఎక్స్‌గ్రేషియాతో సరిపెట్టేవాళ్లు. 2004లో హైకోర్టు విస్తృత ధర్మాసనం మేకల పాండు కేసులో ఆ పద్ధతిని ఆపింది. ప్రజావసరానికి తీసుకుంటే అసైన్డ్ రైతుకూ పట్టా రైతుతో సమానంగా మార్కెట్ విలువ ఇవ్వాలంది. 1964 నాటి షరతులోని న్యాయం నలభై ఏళ్లకు డీకేటీ పట్టాకు అందింది.

అమ్ముకునే హక్కు విషయానికి వస్తే, 2023లో వైఎస్సార్‌సీపీ ప్రభుత్వం చట్టం సవరించి, సాగుకు ఇచ్చి 20 ఏళ్లు దాటిన భూములపై (ఇళ్ల స్థలాలైతే 10 ఏళ్లు) పూర్తి హక్కు ఇచ్చింది. సంక్షేమం మాటతో వచ్చిన ప్రభుత్వం చేసింది నిజానికి మార్కెట్ సంస్కరణ. 13 లక్షల ఎకరాలకు పైగా ఫ్రీహోల్డ్ (అమ్ముకునే పూర్తి హక్కుతో) చేశారు. 2024లో వచ్చిన తెలుగుదేశం కూటమి ప్రభుత్వం వాటిలో 5 లక్షల ఎకరాలకు పైగా నిబంధనలకు విరుద్ధమని చెప్పి, రిజిస్ట్రేషన్లు ఆపింది. మార్కెట్ పక్షమని పేరున్న పార్టీ ఇక్కడ తలుపు మూసింది. పార్టీల పేర్లు చూసి ఎవరు ఏ వాదమో తేల్చడం ఎంత కష్టమో ఇక్కడే తెలుస్తుంది. ఆ మాటకొస్తే 1989 నుంచి ప్రజాప్రాతినిధ్య చట్టం 29ఏ సెక్షన్ కింద రిజిస్టరు కావాలంటే ప్రతి పార్టీ సామ్యవాదానికి కట్టుబడతానని తన నియమావళిలో రాసుకోవాల్సిందే. నూరుగురు ఓటర్లను సభ్యులుగా చూపి, పార్టీ పెట్టిన 30 రోజుల్లో దరఖాస్తు చేసినా, ఆ ఒక్క వాక్యం రాయనంటే రంగా పార్టీకి ఇవాళ రిజిస్ట్రేషన్ రాదు. ‘సామ్యవాద’ చర్చలో నిజంగా పట్టించుకోవలసిన ఇబ్బంది ఇది.

రిజిస్ట్రేషన్లు ఆపడానికి కారణం లేకపోలేదు. 20 ఏళ్ల లెక్క డి-ఫారం పట్టా (డీకేటీ పట్టా కాగితం) తేదీ నుంచి మొదలవుతుంది. ఆ తేదీ నిలవాలంటే అసలు పట్టా, అసైన్‌మెంట్ రిజిస్టరులో నమోదు, భూమి ఇంకా అసలు లబ్ధిదారు లేదా వారసుల సాగులోనే ఉందన్న విచారణ, మూడూ కలవాలి. ఒకటి లేకున్నా 22-ఏ నిషేధిత జాబితా (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) నుంచి తీయకూడదు. తిరుపతి, రేణిగుంట, ఏర్పేడు దారిలో ఎకరం విలువ తెలిసినవాడికి ఆ మూడింట్లో ఒకదాన్ని ‘సర్దడం’ ఎంత లాభమో తెలుసు. పేదవాడి పేరుతో ఫ్రీహోల్డ్ వచ్చి, మరుసటి వారం పెద్దవాడి పేరుతో రిజిస్ట్రేషన్ జరిగితే, హక్కు వచ్చింది ఎవరికి?

2024 జూలై 21 రాత్రి పాత చిత్తూరు జిల్లాలోని మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో మంటలు లేచి ఫైళ్లు కాలిపోయాయి. భూముల ఫైళ్ల చుట్టూనే అనుమానాలు రేగాయి, కేసు సీఐడీకి వెళ్లింది. ఆ ఘటన తర్వాత డీకేటీ రైతు చేయవలసిన పని ఒకటే. ప్రభుత్వం రిజిస్ట్రేషన్లు ఎప్పుడు తెరుస్తుందా అని చూస్తూ కూర్చోకుండా, డి-ఫారం పట్టా, అసైన్‌మెంట్ రిజిస్టరు పేజీ, పాత అడంగల్, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, ఈ నాలుగింటికీ తహశీల్దారు కార్యాలయం ముద్రతో నకళ్లు తీసుకోవాలి. ఒక సెట్టు ఊళ్లో కాకుండా వేరేచోట దాచాలి.