దారప్పోగుతో కొలిచిన స్టేషను

రెడ్మండ్ నుంచి

చిరంజీవులైన మనవలకూ మనవరాళ్ళకూ తాతయ్య ఆశీస్సులు.

ఇక్కడి లైట్ రైలు, అంటే ఊళ్ళో తిరిగే తేలికపాటి కరెంటు రైలు, ఎలా ఉందని అడిగారు. రైలు బాగానే ఉంది గాని, మున్సిపాలిటీలో ముప్పై ఏళ్ళు ఊరి పటాలు గీసినవాణ్ణి కనుక నా చూపు బోగీల మీద కంటే స్టేషను బయటి కాలిబాట మీదే నిలుస్తోంది. అందుకని స్టేషను చుట్టూ పేటను ఎలా తీర్చిదిద్దుతారో రాస్తున్నాను.

అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రపు సియాటిల్‌కు తూర్పున బెల్‌వ్యూ, రెడ్మండ్ నగరాలను కలిపే, ‘2 లైన్’ అనే పేరుగల ఈ మార్గం 2024 ఏప్రిల్ 27న ఎనిమిది స్టేషన్లతో మొదలై, మరుసటి ఏడు మే నెలలో రెడ్మండ్ నడిబొడ్డు దాకా వచ్చింది.

స్టేషను వచ్చే చోట ప్లానర్లు ముందుగా పటం మీద ఒక వృత్తం గీస్తారు. పది నిమిషాల్లో మనం నడవగలిగేది సుమారు 800 మీటర్లు. అంత వ్యాసార్థం గల వృత్తంలో దాదాపు 500 ఎకరాలు ఇముడుతాయి. ఆ నేలలో ఇళ్ళు, బడులు, కొట్లు, ఆఫీసులు ఎన్ని కుదిరితే అంతమంది రైలుకు నడిచి వస్తారని లెక్క. అయితే ఆ వృత్తం పిట్టలకే సరిపోయే కొలత. మనకు కావలసింది ఒక దారప్పోగు. దాన్ని స్టేషను గుమ్మం దగ్గర మొదలుపెట్టి వీధుల వంపుల వెంట పరిచి చూస్తే, పటంలో 300 మీటర్లలో కనిపించిన ఇల్లు, మధ్యలో ప్రహరీ ఒకటి అడ్డొచ్చిన పాపానికి, కిలోమీటరు అవతల తేలవచ్చు. నేను పనిచేసిన ఒక పట్టణంలో బస్టాండు వెనక పేటకు తోవ వదలకుండా గోడ కట్టించాం. నెల తిరక్కుండా జనం దానికి మనిషి దూరేంత కన్నం పెట్టారు. మేము పూడ్చాం, వాళ్ళు మళ్ళీ పెట్టారు. ఆ కన్నం అంచున ఇటుకలు రాపిడికి నున్నబడి ఉండడం చూసి, పటం గీసిన నాకే సిగ్గు వేసింది.

ఇక్కడ ఓవర్‌లేక్ విలేజ్ స్టేషను పక్కనే 520 రహదారి అడ్డంగా పోతుంది. దాని మీదుగా నడిచేవారికీ సైకిళ్ళకూ విడిగా వంతెన వేశారు కనుక దారం పొట్టిదైంది. స్ప్రింగ్ డిస్ట్రిక్ట్ స్టేషను దగ్గర ఒకప్పుడు సేఫ్‌వే అనే కిరాణా దుకాణాల సంస్థ వారి గోదాములుండేవి. బెల్‌వ్యూ నగరం 2009లోనే, అంటే రైలు కూత వినబడడానికి పదిహేనేళ్ళ ముందే, ఆ ప్రాంతపు భూవినియోగ నియమాలు మార్చి ఎత్తయిన ఇళ్ళకూ ఆఫీసులకూ వీలు కల్పించింది. ఆ 36 ఎకరాలను ఇప్పుడు చిన్న వీధులుగా విడగొడుతున్నారు. అడ్డవీధులు ఎన్ని ఎక్కువుంటే దారం అంత తిన్నగా పడుతుంది.

సౌత్ బెల్‌వ్యూ స్టేషను దగ్గర మాత్రం 1,500 కార్లు పట్టే గ్యారేజీ కట్టారు. పక్కన ఇళ్ళు కట్టడానికి వీల్లేని చిత్తడినేల ఉద్యానవనం ఉంది కనుక అక్కడ దాన్ని తప్పుపట్టను. ప్రతి స్టేషను ముంగిటా అదే కడితే ఒప్పుకోను.

రైలు వస్తే అద్దెలు పెరిగి, నడక మీదే ఆధారపడినవారు దూరం జరగవలసివస్తుంది. అందువల్లనే 2015లో ఈ రాష్ట్రం చేసిన చట్టం ప్రకారం, రైలు సంస్థ తనకు మిగిలిన, ఇళ్ళకు అనువైన భూమిలో కనీసం 80 శాతాన్ని తక్కువ ఆదాయం గలవారికి ఇళ్ళు కట్టేవారికి ముందుగా ఇవ్వజూపాలి.

హైదరాబాదులో మీ ఇంటికి దగ్గరి మెట్రో స్టేషను పటం ఒకటి ప్రింటు తీసి, నానమ్మ కుట్టుపెట్టెలోంచి దారం అడిగి కొలవండి. తరవాత అదే దారిన నడిచి, కాలిబాట తెగిన ప్రతిచోటా ఎర్రచుక్క పెట్టండి. రోడ్డు దాటడానికి ఎంతసేపు ఆగారో గడియారం చూసి పక్కనే రాయండి. ఆ కాగితం నేను వచ్చేదాకా దాచి ఉంచండి.

మీ తాతయ్య