ఒక్క ప్యాకెట్ చాలు: నెట్‌వర్క్ డ్రైవర్ల మీద అపోహలు - వాస్తవాలు

విశాఖలో చిన్నా పెద్దా ఆఫీసులకు నెట్‌వర్క్ చూసిపెట్టడం నా పని. ఎక్కడైనా సర్వర్ వరసగా రెండుసార్లు నీలం తెర (విండోస్ కుప్పకూలినప్పుడు వచ్చేది) చూపిస్తే ఆఫీసు ఓనరు నుంచి ఫోన్ వస్తుంది. "ఏటి బాబూ, మన మీద ఎవరో డీడాస్ అటాక్ చేస్తన్నారంట, లైన్ పెంచాలంట." ఆయనకు ఆ మాట చెప్పింది ఎవరని ఆరా తీస్తే, చాలాసార్లు ఇంటర్నెట్ లైన్ అమ్మేవాళ్లే తేలతారు.

అపోహ: సర్వర్ పడిపోయిందంటే ట్రాఫిక్ వరద వచ్చినట్టే. బ్యాండ్‌విడ్త్ పెంచితే, ఫైర్‌వాల్ బాక్స్ కొంటే సరిపోతుంది.

జనం డబ్బు ఎక్కువగా పోగొట్టుకునేది ఇక్కడే. కాన్వెంట్ జంక్షన్ దగ్గర లారీలన్నీ ఒకేసారి వచ్చి రోడ్డు మూసుకుపోతే అది డీడాస్. నేను చెప్పేది వేరు. ఒక్క లారీ వస్తుంది, దాని కాగితాల్లో ఒక అంకె తేడా ఉంటుంది, అది చూసిన గేటే కుప్పకూలుతుంది. అప్పుడు రోడ్డు ఎంత వెడల్పు చేసినా లాభం లేదు.

నెట్‌వర్క్ డ్రైవర్ (నెట్‌వర్క్ కార్డుని నడిపే ప్రోగ్రామ్), టీసీపీ/ఐపీ స్టాక్ (వచ్చిన డేటాని విప్పి చదివే కోడ్) రెండూ కర్నెల్‌లోనే, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలోనే నడుస్తాయి. నెట్‌వర్క్‌లో డేటా చిన్న మూటలుగా వెళ్తుంది, ఒక్కో మూట ఒక ప్యాకెట్. దాని హెడర్‌లో, అంటే మూట మీది చీటీలో, రాసి ఉన్న పొడవును సరిచూడకుండా నమ్మేస్తే ఏమవుతుందో చూడండి. పదహారు బిట్ల లెక్కలో 20 లోంచి 40 తీసేస్తే మైనస్ 20 రాదు, 65,516 వస్తుంది. ఇరవై బైట్లు ఉన్నచోట అరవై అయిదు వేల బైట్లు ఉన్నాయనుకుని కోడ్ ముందుకు పోతుంది, తనది కాని మెమరీని ముట్టుకుంటుంది. మామూలు ప్రోగ్రామ్ అయితే అదొక్కటే మూతపడేది. కర్నెల్‌లో జరిగింది కాబట్టి మెషీన్ మొత్తం ఆగిపోతుంది. 2024 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ సరిచేసిన సీవీఈ-2024-38063 (సీవీఈ అంటే బయటపడిన లోపాలకు ఇచ్చే నంబరు) ఈ జాతిదే. ఐపీవీ6 (కొత్త తరం ఇంటర్నెట్ అడ్రస్ పద్ధతి) ప్యాకెట్లను విండోస్ లెక్కవేసే తీరులో లోపం అది. ఎవరూ ఏ లింకూ నొక్కక్కర్లేదు. పైగా ఆ మెషీన్‌లోని విండోస్ ఫైర్‌వాల్ వంతు వచ్చేలోపే స్టాక్ ఆ ప్యాకెట్‌ని ముట్టుకుంటుంది. అసలు మందు ప్యాచ్ (కంపెనీ విడుదల చేసే సవరణ), అది ఉచితం.

పోర్టు ఏరియాలో ఒక కస్టమ్స్ క్లియరెన్స్ ఆఫీసు ఉంది. బిల్ ఆఫ్ ఎంట్రీలు (దిగుమతి సరుకుకు కస్టమ్స్‌కి ఇచ్చే పత్రాలు) ఫైల్ చేసే హడావుడిలోనే సర్వర్ పడిపోయేది. గడువు దాటితే మొదటి మూడు రోజులు రోజుకు 5,000 రూపాయలు లేట్ ఫీజు, ఆ తర్వాత రోజుకు పది వేలు. ఓనరు గారి టెన్షన్‌లో తప్పేం లేదు. నేను వెళ్లేసరికే కొత్త ఫైర్‌వాల్ ర్యాక్‌లో కూర్చుని ఉంది, లైన్ కూడా పెంచేశారు. రూటర్‌లో గ్రాఫ్ తీసి చూస్తే, సర్వర్ పడిపోయిన నిమిషంలో లైన్ పావు వంతు కూడా నిండలేదు. మినీడంప్ (పడిపోయినప్పుడు విండోస్ దాచిపెట్టే చిన్న రికార్డు ఫైలు) తెరిస్తే స్టాప్ కోడ్ (ఎందుకు ఆగిందో చెప్పే సంకేతం) 0xడీ1, దాని కింద నెట్‌వర్క్ కార్డు డ్రైవర్ ఫైలు పేరు. డ్రైవర్ తేదీ 2015. విండోస్ వెర్షన్ మారినా ఆ డ్రైవర్ మాత్రం అలాగే ఉండిపోయింది. మదర్‌బోర్డు కంపెనీ సైటు నుంచి కొత్తది దించి, వేసి, రీస్టార్ట్ చేశాం. మళ్లీ పడలేదు. దాడి చేసినవాడంటూ ఎవడూ లేడు. మామూలు ట్రాఫిక్కే ఆ పాత డ్రైవర్‌ని పడగొడుతోంది. ఫైర్‌వాల్ బాక్సుకి కట్టిన డబ్బు మాత్రం వెనక్కి రాలేదు.

"మామూలు ట్రాఫిక్కు మెషీన్ పడిపోతుందా?" అని నవ్వేవాళ్లకు 2013 నాటి ఇంటెల్ 82574ఎల్ అనే నెట్‌వర్క్ చిప్ కథ చెప్తుంటాను. ప్యాకెట్‌లో ఒకానొక స్థానంలో '2' అనే అక్షరం ఉన్న బైటు వస్తే చాలు, కార్డు చచ్చినట్టు పడి ఉండేది. కరెంటు తీసి పెడితే తప్ప లేచేది కాదు. ఇంటర్నెట్ ఫోన్ కాల్స్ నడిపే ఒక ఇంజినీరు ప్యాకెట్లు ఒక్కొక్కటీ పట్టుకుని దీన్ని తేల్చాడు. ఒక మదర్‌బోర్డు తయారీదారు కార్డులోని ఈప్రామ్‌ని (సెట్టింగులు దాచే చిన్న మెమరీని) తప్పుగా రాయడం వల్ల వచ్చిందని ఇంటెల్ చెప్పింది. ఒక్క బైటు!

అపోహ: ప్యాచ్ రోజూ పడుతూనే ఉంది.

పడుతుంది, రీస్టార్ట్ దగ్గర ఆగుతుంది. "బిల్లింగ్ నడుస్తోంది సార్, తర్వాత చేద్దాం" అని నెలలు గడిపేస్తారు. అన్నాళ్లూ నడిచేది పాత కర్నెలే. లినక్స్‌లోనూ అంతే, కొత్త కర్నెల్ ఇన్‌స్టాల్ చేసి బూట్ చేయకపోతే వేసినట్టు కాదు. "మేం రోజూ రాత్రి షట్ డౌన్ చేస్తాం" అంటారు కొందరు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్ డౌన్ చేసినా కర్నెల్, డ్రైవర్లు పూర్తిగా కొత్తగా లోడ్ కావు. రీస్టార్టే నొక్కండి.

అపోహ: మేం ఐపీవీ6 వాడం.

మీరు వాడకపోయినా విండోస్‌లో విస్టా కాలం నుంచీ అది ఆన్‌లోనే వస్తుంది. జియో హాట్‌స్పాట్ పెట్టుకున్న లాప్‌టాప్ ఐపీవీ6 కూడా వాడుతుంది. అదే లాప్‌టాప్ పొద్దున్న మీ ఆఫీసు స్విచ్‌కి తగులుకుంటుంది.

అపోహ: లినక్స్ కదా, ఏమీ కాదు.

2019లో సాక్ ప్యానిక్ అనే లినక్స్ లోపం బయటపడింది. వెర్షన్ 2.6.29 నుంచి వచ్చిన కర్నెళ్లన్నిటినీ దూరం నుంచే పడగొట్టగలిగే లోపం. పదేళ్లు అక్కడే ఉంది. ఇంతకంటే చెప్పేదేం లేదు.

అపోహ: నీలం తెర వచ్చిందంటే హ్యాక్ అయింది, డేటా పోయింది.

2024 జులై 19న ప్రపంచమంతా కంప్యూటర్లు నీలం తెరతో ఆగిపోయాయి, హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. అది దాడి కాదు. క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ కంపెనీ పంపిన తప్పు అప్‌డేట్‌ని దాని కర్నెల్ డ్రైవర్ చదవడం వల్ల వచ్చింది. అలాగని నీలం తెరను తేలిగ్గా తీసుకోమనడం లేదు. పైన చెప్పిన సీవీఈ-2024-38063 లాంటి లోపంతో మెషీన్ ఆపడమే కాదు, లోపలికి దూరే అవకాశం కూడా ఉంటుందని మైక్రోసాఫ్టే చెప్పింది. కాబట్టి చూడాలి, కంగారు పడకూడదు.

ఇక డ్రైవర్ అప్‌డేటర్ సాఫ్ట్‌వేర్లు. వద్దు. డ్రైవర్ మదర్‌బోర్డు లేదా లాప్‌టాప్ కంపెనీ సైటు నుంచి, లేదంటే విండోస్ అప్‌డేట్ నుంచి, అంతే.

మా కుర్రాళ్లు చాలామంది ఇలాంటి కేసు రాగానే ఫార్మాట్ కొట్టేస్తారు. ఫార్మాట్ అయ్యాక విండోస్ పాత డ్రైవర్నే మళ్లీ తెచ్చి పెట్టుకోవచ్చు, ఆధారం మాత్రం పోతుంది. వాళ్లు పెన్‌డ్రైవ్ పెట్టేలోపు సీ డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్ తెరిచి, అందులో మినీడంప్ అనే ఫోల్డర్ ఉంటే దాన్ని వేరేచోటికి కాపీ చేసుకోండి. తర్వాత మాకు ఫోన్ చేయండి.