రేణిగుంట నుంచి శంషాబాద్: అరగంట దూరానికి గంటంబావు టికెట్టా?

తిరుపతి నుంచి హైదరాబాద్‌కి ఫ్లైట్ బుక్ చేసేవాళ్లలో చాలామందికి వచ్చే డౌటే ఇది. జెట్ విమానం గంటకు 800 కిలోమీటర్లు పోతుందంటారు, ఆ లెక్కన అరగంటలో శంషాబాద్‌లో దిగాలి, టికెట్ మీద చూస్తే గంటా పది, గంటంబావు అని ఉంటుంది.

ముందు దూరం సంగతి. దీనికి యాప్ అక్కర్లేదు, కాగితం చాలు. రేణిగుంట 13.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, శంషాబాద్ 17.2 మీద. తేడా 3.6, డిగ్రీకి సుమారు 111 కిలోమీటర్లు, అంటే ఉత్తరానికి 400. రేఖాంశాల్లో తేడా 1.1 డిగ్రీ; మన దగ్గర ఆ గీతలు భూమధ్యరేఖ మీదకన్నా కొంచెం దగ్గరగా ఉంటాయి కాబట్టి డిగ్రీకి 107 వేసుకుంటే పడమరకు దాదాపు 120. ఇక పైథాగరస్ చూసుకుంటాడు: 417 కిలోమీటర్లు, కాస్త అటూఇటూగా. ఇంత చిన్న దూరానికి భూమి గుండ్రం లెక్క పట్టించుకోనక్కర్లేదు.

చిక్కంతా టైముతోనే. రేణిగుంట రన్‌వే చివర్లలో 08, 26 అని పెద్ద అంకెలు రాసి ఉంటాయి, పక్కన సున్నా చేర్చుకుంటే ఉత్తరం నుంచి కుడివైపుగా కొలిచిన 80, 260 డిగ్రీలు, అంటే రన్‌వే దాదాపు తూర్పు పడమరలుగా ఉందన్నమాట. శంషాబాద్‌దీ అంతే. మనం పోవాల్సిందేమో ఉత్తరానికి! విమానం గాలికి ఎదురుగా లేస్తుంది కాబట్టి ఆ రోజు గాలి తూర్పు నుంచి వీస్తే తూర్పుకే లేచి, తర్వాత ఎడమకు తిరగాలి. అక్కడ దిగేటప్పుడు మళ్లీ ఇంకో మలుపు.

పైగా 10,000 అడుగుల లోపు వేగం మామూలుగా 250 నాట్లు దాటకూడదు, అది గంటకు 463 కిలోమీటర్లే. దిగేటప్పుడు పైలట్లు వెయ్యి అడుగులకు మూడు నాటికల్ మైళ్లు చొప్పున లెక్కేసుకుంటారు. 30,000 అడుగుల నుంచి దిగాలంటే 90 నాటికల్ మైళ్లు, అంటే 167 కిలోమీటర్ల ముందే మొదలుపెట్టాలి. ఎక్కడానికీ ఇంచుమించు అంతే పోతుంది. ఇక పైన నిలకడగా పోయేది వంద కిలోమీటర్లుంటే గొప్ప, ట్రాలీ వెనక వరసల దాకా వచ్చేలోపే దిగుడు మొదలు.

ఇంతా చేసి గాల్లో ఉండేది ముప్పావుగంటే. టికెట్ టైము మాత్రం గేటు దగ్గర కదిలినప్పటి నుంచి అవతలి గేటు దగ్గర ఆగేదాకా, మధ్యలో రన్‌వే దాకా పాకడం, క్యూలో నిలబడడం, లేటైతే కవర్ చేసుకోడానికి కంపెనీలు కలుపుకునే నిమిషాలు, అన్నీ అందులోనే.

అందుకే గంటకు 500 కిలోమీటర్లే పోయే ఏటీఆర్ ఫ్యాన్ విమానాన్ని చూసి మొహం మాడ్చుకోనక్కర్లేదు. అది అంత ఎత్తుకు ఎక్కదు, కాబట్టి ఈ రూట్లో మహా అయితే పావుగంటో ఇరవై నిమిషాలో ఆలస్యం. జెట్ వేగం మనకు కలిసొచ్చేది ఢిల్లీకి పోయేటప్పుడే: దూరం దాదాపు 1,670 కిలోమీటర్లు, హైదరాబాద్‌కు నాలుగింతలు, టైము మాత్రం రెట్టింపు పైచిలుకే.