పూర్వ విద్యార్థుల సంఘం నడపడం: అపోహలు - వాస్తవాలు

ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయ పూర్వ విద్యార్థుల సంఘంలో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. మొదట మా బ్యాచ్ కోఆర్డినేటర్‌ని, తర్వాత విజయవాడ చాప్టర్ (స్థానిక శాఖ) కోశాధికారిని, ఇప్పుడు కార్యదర్శిని. ఇందులో జీతం ఉండదు. ఉద్యోగం నుంచి ఇంటికొచ్చి వంట, భోజనాలు అయ్యాక రాత్రి తొమ్మిది నుంచి పదకొండు దాకా ఈ పని చూసుకుంటాను. కొత్తగా బాధ్యత తీసుకునేవాళ్లు నాకు ఫోన్ చేసినప్పుడు కొన్ని మాటలు మళ్లీ మళ్లీ వింటుంటాను. అందులో కొన్ని ఒకప్పుడు నేనూ నమ్మినవే. వాటిని నమ్మినందువల్ల పిల్లలకు అందాల్సిన సాయం ఆలస్యమైంది కాబట్టే ఇది రాస్తున్నాను.

అపోహ: ఏడాదికోసారి కలిసి భోంచేసి, గురువులకు శాలువాలు కప్పి, ఫొటోలు దిగడమే సంఘం పని.

వాస్తవం: ఆ రోజూ ముఖ్యమే. పాతికేళ్ల తర్వాత హాస్టల్ రూమ్మేట్ కనబడగానే కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లను చూశాను. కానీ పనంతా మిగతా రోజుల్లోనే ఉంటుంది. స్కాలర్‌షిప్ దరఖాస్తులు చదవాలి, అడిగిన పిల్లల ఇళ్లకు ఫోన్ చేసి పరిస్థితి తెలుసుకోవాలి. ఎప్పుడో చదివి ఇప్పుడు వేరే దేశంలో ఉన్నవాళ్లకు తమ మార్కుల అధికారిక పత్రం, అంటే ట్రాన్స్‌క్రిప్ట్ కావాలంటే చలానా ఎలా కట్టాలో, ఏ సెక్షన్‌లో అడగాలో చెప్పాలి. చనిపోయిన గురువుగారి పేరిట గోల్డ్ మెడల్ పెడతామని శిష్యులు వస్తారు. డిపాజిట్ మీద వచ్చే వడ్డీ ఏటా ఆ మెడల్‌కు సరిపోతుందా అని లెక్క చూసి చెప్పాలి. పాతికేళ్ల క్రితం ఘనంగా పెట్టిన ఎండోమెంట్లు (ఇలాంటి శాశ్వత డిపాజిట్లు) కొన్నింటికి ఇప్పుడు వచ్చే వడ్డీ బంగారు పూతకు కూడా చాలడం లేదు. ఆ కుటుంబానికి ఫోన్ చేసి ఈ సంగతి మర్యాదగా చెప్పాల్సిందీ మేమే.

అపోహ: పెద్ద పేరున్నవాళ్లు అధ్యక్షులైతే సంఘం తనంతట తానే నడుస్తుంది.

వాస్తవం: మన పాత విశ్వవిద్యాలయాలకు పెద్ద పేర్ల కొరత లేదు. గణాంక శాస్త్రంలో ప్రపంచమంతా తెలిసిన సి.ఆర్.రావు గారు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివారు. అడోబీ అధిపతిగా పేరు తెచ్చుకున్న శంతను నారాయణ్ ఉస్మానియాలో ఇంజనీరింగ్ చేశారు. అలాంటి పేర్లు తలుచుకుంటే క్యాంపస్‌లో ఉన్న పిల్లలకు ధైర్యం వస్తుంది, కాదనను. అయితే సంఘాన్ని నిలబెట్టేది బ్యాచ్ కోఆర్డినేటర్లు. ఎవరి నాన్నగారు పోయారో, ఎవరి ఉద్యోగం పోయిందో, ఎవరు ఊరు మారారో వాళ్లకే తెలుస్తుంది. పెద్ద మనిషి వేదిక మీదకు రావాలన్నా, ముందు ఆయనతో ఒకప్పుడు ఒకే మెస్‌లో తిన్న మనిషి ఫోన్ చేయాల్సిందే.

అపోహ: అమెరికాలో మనవాళ్లు ఎంతోమంది ఉన్నారు. అకౌంట్ నంబర్ ఇస్తే డబ్బు అదే వస్తుంది.

వాస్తవం: నేను ఎక్కువ తప్పులు చూసింది ఇక్కడే. డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందన్నది ఒక్కటే సరిపోదు, పంపినవాళ్ల పాస్‌పోర్టు ఏ దేశానిదన్నది ముందు చూడాలి. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్ఆర్ఐ తన సొంత సంపాదనలోంచి మామూలు బ్యాంకు మార్గంలో పంపితే అది విదేశీ విరాళం కాదు. అదే మనిషి అమెరికా పౌరసత్వం తీసుకున్నాక పంపితే విదేశీ విరాళమే. విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా, రూపాయల్లో ఇచ్చినా అంతే. 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, అంటే మనం ఎఫ్‌సీఆర్‌ఏ అనేది, ఇక్కడ వర్తిస్తుంది. దాని కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా ఒక్క రూపాయి తీసుకున్నా తప్పే. రిజిస్ట్రేషన్ కావాలంటే సాధారణంగా సంఘానికి మూడేళ్లు నిండాలి, గడిచిన మూడు ఆర్థిక సంవత్సరాల్లో సేవా కార్యక్రమాలకు 15 లక్షల రూపాయలు ఖర్చు పెట్టి ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు మొదట ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోకే రావాలి. వచ్చిన దాన్ని మరో సంస్థకు బదిలీ చేయకూడదు.

మా సీనియర్ ఒకాయన అమ్మాయిల హాస్టల్‌కు మంచినీళ్ల ప్లాంట్ పెట్టిస్తానని ముందుకొచ్చారు. అప్పటికే అమెరికా పౌరసత్వం తీసుకున్నారు. మాకు ఎఫ్‌సీఆర్‌ఏ లేదు, తీసుకోలేమని చెప్పాను. "నేను పుట్టింది తెనాలి, చదివింది మన క్యాంపస్‌లో. నేనెలా పరాయివాణ్నయ్యానమ్మా?" అన్నారు. ఆ మాటకు జవాబు చెప్పలేకపోయాను, చాలాసేపు బాధగా ఉంది. మధ్యలో ఒకరు, ఆయన తమ్ముడి ఖాతాకు పంపితే తమ్ముడి పేరు మీద మనం తీసుకుందామని సలహా ఇచ్చారు. దయచేసి ఆ పని ఎప్పుడూ చేయకండి. అది దొడ్డిదారి, బయటపడితే సంఘం మొత్తం ఇరుక్కుంటుంది. చివరికి ఆయన బ్యాచ్‌లో ఇక్కడే ఉన్న ముప్ఫై మంది తలా కొంత వేసుకున్నారు. ఆయన రాత్రుళ్లు మేలుకుని ఫోన్లో ప్లాంట్ ఎంపిక దగ్గర్నుంచి మెయింటెనెన్స్ ఒప్పందం దాకా అన్నీ దగ్గరుండి చూసుకున్నారు. ఇప్పటికీ ఫిల్టర్లు మార్చే తేదీ గుర్తు చేసేది ఆయనే.

స్వదేశీ విరాళాల గురించి కూడా ఒక మాట. సొసైటీగా రిజిస్టర్ అయినంత మాత్రాన దాతలకు ఆదాయపు పన్నులో 80జీ మినహాయింపు రాదు, దానికి విడిగా అనుమతి తెచ్చుకోవాలి. అది ఉన్నా, 2,000 రూపాయలు దాటి నగదుగా ఇచ్చిన విరాళానికి మినహాయింపు వర్తించదు. ఇది రసీదు రాసేటప్పుడే చెప్పాలి. మార్చి నెలాఖరున చెబితే గొడవే.

అపోహ: రిజిస్ట్రేషన్ అయిపోయింది కదా, ఇక కాగితాలతో పనిలేదు.

వాస్తవం: 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడుగురు ఉంటే సంఘం పుడుతుంది. తర్వాత ఏటా సర్వసభ్య సమావేశం పెట్టాలి, అది జరిగిన పదిహేను రోజుల్లోగా కార్యవర్గం జాబితా రిజిస్ట్రార్‌కు ఇవ్వాలి. ఒక ఏడాది మేం అది ఇవ్వలేదు, తప్పు మాదే. కొత్త కార్యవర్గం వచ్చాక బ్యాంకులో సంతకాలు మార్చబోతే, రిజిస్ట్రార్ దగ్గర ఉన్న జాబితాలో మీ పేర్లు లేవన్నారు. రెండు నెలలు స్కాలర్‌షిప్ చెక్కులు ఆగిపోయాయి. మెస్ బిల్లు కట్టలేక ఒక అమ్మాయి హాస్టల్ ఖాళీ చేసి, రోజూ బస్సులో మూడు గంటలు ప్రయాణం చేసింది. ఆ అమ్మాయి మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. అప్పటి నుంచి సమావేశం తేదీ ఖరారైన రోజే ఆ పదిహేనో రోజును కూడా క్యాలెండర్‌లో రాసుకుంటున్నాను.

అపోహ: సంఘంలో ఉన్నవాళ్లు చెబితే విశ్వవిద్యాలయంలో పనులు అవుతాయి.

వాస్తవం: మాది వేరే సంస్థ. అడ్మిషన్లు, నియామకాలు, మార్కుల్లో మాకు ఏ అధికారమూ లేదు, ఉండకూడదు కూడా. ఉన్నత విద్యా సంస్థల నాణ్యతను మదింపు చేసే న్యాక్ బృందం వచ్చినప్పుడు పూర్వ విద్యార్థులు ఏం చేస్తున్నారని అడుగుతారు. ఆ సమయంలో విశ్వవిద్యాలయానికి మేం గుర్తొస్తాం. అప్పుడు లెక్కలు చూపించగలిగితే చాలు.

అపోహ: సభ్యుల జాబితా అందరిదీ, అడిగినవాళ్లకు ఇవ్వడంలో తప్పేముంది?

వాస్తవం: పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలు రాగానే మాకు ఫోన్లు పెరుగుతాయి. వేల మంది డిగ్రీ ఉన్నవాళ్ల నంబర్లు ఒకేచోట ఉంటే ఎవరికైనా ఆశ పుడుతుంది కదా. అడిగేవాళ్లలో మన క్లాస్‌మేట్లు, మనకు సాయం చేసినవాళ్లు కూడా ఉంటారు. అయినా ఇవ్వకూడదు. సభ్యులు ఆ నంబర్ ఇచ్చింది సంఘానికి, సంఘం పనికి. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది. అది రాకముందైనా ఇది నమ్మకానికి సంబంధించిన విషయమే. ఫైలు ఇద్దరి దగ్గరే ఉండాలి. ఎవరైనా ఫలానా మిత్రుడి నంబర్ అడిగితే, ముందు ఆ మిత్రుడిని అడిగి ఇవ్వాలి.

అపోహ: ఆడవాళ్లకు సంఘం మీద ఆసక్తి తక్కువ.

వాస్తవం: నా పేరే పదిహేనేళ్లు జాబితాలో పుట్టింటి ఇంటిపేరుతో, పాత అడ్రస్‌తో ఉండిపోయింది. ఆ పదిహేనేళ్లూ నాకు ఒక్క ఆహ్వానం రాలేదు. పెళ్లితో ఇంటిపేరు, ఊరు, ఫోన్ నంబర్ మారిపోతే 'కె. లక్ష్మి' ఎక్కడని వెతుకుతారు? మేం లేడీస్ హాస్టల్ రూముల వారీగా వెతకడం మొదలుపెట్టాం. ఒక రూమ్మేట్ దొరికితే మిగతా ముగ్గురూ దొరికారు. దానికి తోడు సమావేశాన్ని ఆదివారం సాయంత్రం ఆరు నుంచి ఉదయం పదిన్నరకు మార్చాం. ఇప్పుడు మా చాప్టర్ కార్యవర్గంలో సగం మంది మహిళలే.

అపోహ: ఇది సేవ కాబట్టి ఖర్చులు సొంతంగా పెట్టుకోవాలి.

వాస్తవం: ఈ మాట పైకి గొప్పగా ఉంటుంది. దీనివల్ల డబ్బున్నవాళ్లు మాత్రమే నాయకులవుతారు. మా దగ్గర మండల కేంద్రంలో జూనియర్ కాలేజీ లెక్చరర్‌గా పనిచేసే ఒక తమ్ముడు ఉన్నాడు, నేను చూసినవాళ్లలో అంత ఓపికగా పనిచేసే కోఆర్డినేటర్ మరొకరు లేరు. నాలుగు సమావేశాలకు వరుసగా రాలేదు. కారణం అడిగితే చెప్పలేదు. తర్వాత తెలిసింది, రానుపోను ఛార్జీలు, ఆ పూట భోజనం కలిపి అతనికి భారమవుతున్నాయని. బస్సు టికెట్, ప్రింటింగ్, ఫోన్ రీఛార్జి బిల్లు చూపిస్తే ఇచ్చేలా తీర్మానం చేశాం. ఆ పద్ధతిలో మొదటి బిల్లు అధ్యక్షుల వారితోనే పెట్టించాం, ఆ తమ్ముడు మొహమాటపడకుండా ఉండాలని.

అపోహ: ఈ కాలం పిల్లలు ముందుకు రావడం లేదు.

వాస్తవం: కుర్చీ ఖాళీగా ఉందా అని ముందు మనం చూసుకోవాలి. ఇరవై ఏళ్లుగా అవే నాలుగు పేర్లు అటూ ఇటూ మారుతుంటే కొత్తవాళ్లు ఎక్కడ కూర్చుంటారు? చదువు పూర్తయిన పిల్లలకు మనం మొదటిసారి కనబడేది లైఫ్ మెంబర్‌షిప్ రసీదు పుస్తకంతో. 'సంఘంలో చేరండి' అంటే వాళ్లు నవ్వి వెళ్లిపోతారు. 'మీ బ్యాచ్‌లో ఈ నలభై మంది నంబర్లు రెండు నెలల్లో సరిచేసి పెట్టగలవా అమ్మా' అని అడిగితే చేస్తారు. పనికి హద్దు, గడువు తెలిస్తే టెన్షన్ ఉండదు.

మా బైలాస్‌లో, అంటే సంఘం నియమావళిలో, ఏ పదవికైనా రెండు విడతలే అని రాసుకున్నాం. నా రెండో విడత వచ్చే సర్వసభ్య సమావేశంతో పూర్తవుతుంది. మినిట్స్ పుస్తకం, ఆడిట్ రిపోర్టులు, ఎండోమెంట్ల డిపాజిట్ రసీదులు, ఈమెయిల్ పాస్‌వర్డ్‌లు ఒక ఫైల్లో పెట్టాను. వాటితోపాటు ఏ గురువుగారికి ఫోన్ చేస్తే వినబడదో, ఎవరింటికి స్వయంగా వెళ్లాలో, ఏ దాతకు తన పేరు బయటికి రావడం ఇష్టం లేదో ఒక నోటుపుస్తకంలో చేత్తో రాస్తున్నాను. రాత్రికి రెండు పేజీల చొప్పున ఇప్పటికి 1998 బ్యాచ్ దాకా వచ్చింది.