డీజిల్ పంపు విప్పే పనిముట్లు: అపోహలు – వాస్తవాలు

ట్రాక్టర్ నల్లపొగ వదులుతోందనో, పొద్దున్నే స్టార్ట్ కావడం లేదనో ఇంజన్‌కు డీజిల్ కొట్టే పంపును విప్పుకుని సంచిలో వేసుకుని మా పంపు రూమ్‌కి తెస్తుంటారు. అరిగిన ఎలిమెంట్లు (డీజిల్‌ను నొక్కి పంపే ప్లంజర్, బ్యారెల్ జతలు) మార్చడం మా రోజువారీ పనే. కానీ షాఫ్ట్ చివర మరలు చితికిపోయి, ఫ్లాంజి (పంపును ఇంజన్‌కు బిగించే అంచు) చెవి విరిగిపోయి వచ్చిన పంపును చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. అది వాడకంలో వచ్చిన నష్టం కాదు, విప్పేటప్పుడు జరిగింది. సరైన పనిముట్టు చేతిలో ఉంటే ఆ రైతుకు ఆ ఖర్చే ఉండేది కాదు.

అపోహ: నట్టు తీశాక సుత్తితో నాలుగు దెబ్బలేస్తే గేరు అదే ఊడి వస్తుంది.

చాలా పంపుల్లో గేరు కూర్చునేది టేపర్ షాఫ్ట్ మీద, అంటే చివరికి సన్నబడే షాఫ్ట్ మీద. నట్టు బిగించేకొద్దీ గేరు ఆ టేపర్‌ను గట్టిగా పట్టేస్తుంది. పంపును తిప్పేది ఆ పట్టే. చంద్రవంకలా ఉండే చిన్న కీ ప్రధానంగా గేరు ఏ స్థానంలో కూర్చోవాలో చూపడానికి ఉంటుంది. అందుకే నట్టు తీసినా గేరు కదలదు. అప్పుడు సుత్తి అందుకుంటే మరలు చితుకుతాయి, ఆ దెబ్బ లోపలి బేరింగు దాకా పోతుంది. వెనక నుంచి స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తితే టైమింగ్ కేసు (ఇంజన్ గేర్లు ఉండే పెట్టె) అంచు పగులుతుంది.

దీనికి కావాల్సింది పుల్లర్. గేరు ముఖం మీద గ్రీజు తుడిచి చూడండి. చాలా గేర్లకు రెండో మూడో మర రంధ్రాలు కనిపిస్తాయి, అవి పుల్లర్ బోల్టుల కోసం పెట్టినవే. ఎక్కువగా 8 ఎంఎం బోల్టు పడుతుంది. మందపాటి ఇనప పట్టీకి పక్కన రెండు బోల్టులు, మధ్యలో ఒక పెద్ద బోల్టు పెట్టి ఏ లేత్ షెడ్డులోనైనా చేసిస్తారు. పళ్లను పట్టి లాగే కాళ్ల పుల్లర్ ఇక్కడ వద్దు, పళ్లు పెచ్చులూడతాయి.

వాడే తీరు కూడా ముఖ్యమే. షాఫ్ట్ నట్టును పూర్తిగా తీసేయకండి, షాఫ్ట్ చివరకు సమంగా వచ్చేదాకా వదులు చేసి ఉంచండి. పక్క బోల్టులు రెండూ సమానంగా ఎక్కాలి. మధ్య బోల్టును కొద్దికొద్దిగా బిగిస్తూ పోతే ఒక్కసారిగా 'టక్'మని గేరు వదులుతుంది. నట్టు ఉంది కాబట్టి ఎగిరి పడదు.

పని నేర్చుకునే రోజుల్లో ఇక్కడే ఒకసారి నా వేళ్ల మధ్య నుంచి వాషర్ జారి టైమింగ్ కేసులోకి పడిపోయింది. అది పడిన చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది. కవర్ మొత్తం విప్పి తీసేసరికి పొద్దుగూకింది. అప్పటి నుంచి గేరు కింద సందులో దారం కట్టిన గుడ్డ కుక్కిన తర్వాతే నట్టు మీద చెయ్యి వేస్తాను. నట్టును, వాషర్‌ను, కీని అయస్కాంతం కడ్డీతోనే బయటికి తీస్తాను. గుడ్డకు దారం ఎందుకంటే, అది కూడా లోపల మర్చిపోకూడదు కదా.

అపోహ: పైపుల నట్లకు ఏ పానా అయినా ఒకటే.

రెండు వైపులే పట్టుకునే పానాతో గట్టిగా లాగితే నట్టు మూలలు అరిగిపోతాయి. పైపు దూరేంత చీలిక ఉన్న రింగు పానా దొరుకుతుంది, అది తీసుకోండి. మన ట్రాక్టర్లలో ఎక్కువగా 17 లేదా 19 సైజు సరిపోతుంది. వరస పంపు (ఒక్కో సిలిండర్‌కు ఒక్కో ఎలిమెంటు వరసగా ఉండేది) అయితే రెండో పానాతో కింద డెలివరీ వాల్వ్ హోల్డర్‌ను కదలకుండా పట్టుకోవాలి. పైపు నట్టుతో పాటు అదీ తిరిగిందంటే ఆ తర్వాత డీజిల్ కారుతుంది.

అపోహ: ఎక్కడ తీశామో అక్కడే బిగిస్తే టైమింగ్ (డీజిల్ ఏ క్షణంలో పడాలో ఆ లెక్క) దానంతటదే కుదురుతుంది.

ఫోర్ స్ట్రోక్ ఇంజన్ రెండు చుట్లు తిరిగితే పంపు తిరిగేది ఒక్క చుట్టే. అంటే ఫ్లైవీల్ మార్కు సరిగ్గా ఉన్నా మీరు వేరే స్ట్రోక్‌లో ఉండొచ్చు. ఒకటో నంబర్ సిలిండర్ రాకర్లు (వాల్వులను నొక్కే చేతులు) రెండూ చేతికి వదులుగా ఆడుతున్నాయో లేదో చూసుకుని, అప్పుడు విప్పండి. ఫ్లాంజికీ ఇంజన్ బాడీకీ కలిపి సన్నని గీత గీయండి. ఫ్లాంజి రంధ్రాలు పొడవుగా ఉంటాయి కాబట్టి పంపు కొంచెం పక్కకు జరిగినా టైమింగ్ మారుతుంది. ముందుకు పోతే ఇంజన్ కొట్టుకుంటుంది, వెనక్కి పోతే తెల్లపొగ వస్తుంది, లాగుడు తగ్గుతుంది.

వీఈ రకం రోటరీ పంపు (ఒకే ప్లంజర్ తిరుగుతూ అన్ని సిలిండర్లకూ డీజిల్ పంపేది) టైమింగ్ కట్టడానికి డయల్ గేజి (సన్నని కదలికను కొలిచే ముల్లు గేజి), దాని అడాప్టర్ కావాలి. వీటికి బదులుగా ఇంట్లో చేసుకునేది ఏదీ లేదు. అవి లేకపోతే బిగించే రోజున ఉన్నవాళ్లను పిలిపించుకోండి.

అపోహ: పైపులు తీసిన చోట గుడ్డ కుక్కితే చాలు.

ప్లంజర్‌కూ బ్యారెల్‌కూ మధ్య ఉండే సందు రెండు మూడు మైక్రాన్లు. తల వెంట్రుక మందం దానికి ఇరవై రెట్లకు పైనే. గుడ్డ పోగు ఒక్కటి చాలు పాడు చేయడానికి. పది ప్లాస్టిక్ టోపీలు కొని పెట్టుకోండి, పైపుల చివర్లకూ తొడగండి. విప్పే ముందు పంపును కడగాలి, కానీ వేడి మీద ఉన్నప్పుడు చన్నీళ్లు కొట్టొద్దు, లోపల పట్టేస్తుంది.

అపోహ: కామన్ రైల్ బండికీ (ఒకే గొట్టం నుంచి అన్ని ఇంజెక్టర్లకూ డీజిల్ వెళ్లే రకం) ఇదే పద్ధతి.

ఇంజన్ నడుస్తుండగా పైపు నట్టు వదులు చేసే పాత అలవాటు ఇక్కడ ప్రాణం మీదికి తెస్తుంది. రైల్‌లో ప్రెజర్ వెయ్యి బార్లు దాటుతుంది. ఆ ధార చర్మంలోకి దూసుకుపోతుంది. బయటికి సూది గుచ్చినంత గాయమే కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఇంజన్ ఆపి, కంపెనీ చెప్పినంతసేపు ఆగి ముట్టుకోండి.

చివరగా కొనుగోలు సంగతి. విజయవాడ ఆటోనగర్‌కి వెళ్లి 'పంపు పుల్లర్ ఇవ్వండి' అంటే షాపతను ముందు అడిగేది 'మైకో పంపా, సీఏవీ పంపా?' అనే. రెండూ పంపు కంపెనీల పేర్లు. మైకో కంపెనీ 2008లోనే బాష్ లిమిటెడ్‌గా మారినా మా నోట పాత పేరే వస్తుంది. పంపు పక్కన ఉన్న ప్లేటు మీది నంబరు, గేరు ముఖం, రంధ్రాల మధ్య దూరం – ఈ మూడూ ఫోన్‌లో ఫొటో తీసుకుని వెళ్లండి. రంధ్రంలో పట్టే బోల్టు ఒకటి జేబులో వేసుకెళ్తే ఇంకా మంచిది.