హోమర్ వయసు పెరగదు, గతం మాత్రం మారుతూనే ఉంది

2025 మే 18న అమెరికన్ కార్టూన్ షో ‘ది సింప్సన్స్’ 36వ సీజన్ చివరి ఎపిసోడ్ ప్రసారమైంది. పిల్లలు పెద్దవాళ్లయ్యాక ఏం జరుగుతుందో చూపించిన ఆ కథలో తల్లి మార్జ్ అప్పటికే చనిపోయి ఉంటుంది. కొన్ని వారాల తర్వాత ఆ సంగతి వార్తల్లోకెక్కి, మార్జ్‌ను చంపేశారంటూ అభిమానులు గగ్గోలు పెట్టారు. షో బాధ్యతలు చూస్తున్న మ్యాట్ సెల్మన్ జవాబు చెప్పాల్సి వచ్చింది. భవిష్యత్తు చూపించే ఎపిసోడ్లన్నీ ఊహలేననీ, ఒకదానికొకటి పొంతన ఉండదనీ, అసలు ఈ షోలో ‘ఇదే అసలు కథ’ అంటూ ఏదీ లేదనీ ఆయన అన్నారు.

ఆ జవాబులో నిజం ఉంది. కానీ పూర్తి నిజం లేదు. ఎందుకో తెలియాలంటే మొదటికి వెళ్లాలి.

మ్యాట్ గ్రోనింగ్ సృష్టించిన ఈ కుటుంబం 1987 ఏప్రిల్ 19న ‘ది ట్రేసీ అల్మన్ షో’లో నిమిషం, రెండు నిమిషాల బొమ్మల ముక్కలుగా మొదలైంది. తన తండ్రి హోమర్, తల్లి మార్జ్, చెల్లెళ్లు లీసా, మ్యాగీల పేర్లనే ఆయన పాత్రలకు పెట్టారు. 1989 డిసెంబర్ 17న ఫాక్స్ చానల్‌లో క్రిస్మస్ కథతో అరగంట షో ప్రారంభమైంది. నిజానికి ముందు ప్రసారం కావాల్సింది వేరే ఎపిసోడ్. దాని యానిమేషన్ బాగా రాలేదని మళ్లీ చాలావరకు గీయించి సీజన్ చివరికి, అంటే 1990 మేకు నెట్టారు. కథలు, తొలి గీతలు అమెరికాలో; అసలు యానిమేషన్ పని దక్షిణ కొరియాలో. గడువులేమో దగ్గరపడుతుండేవి. పొరపాట్లు దొర్లడం సహజం.

వాటిలో అందరికీ గుర్తున్నది స్మిథర్స్ రంగు. అణువిద్యుత్ కేంద్రం యజమాని బర్న్స్‌ వెన్నంటే ఉండే ఈ సహాయకుడు, ముఖం కనిపించిన తొలి ఎపిసోడ్‌లో నల్లజాతి మనిషిలా ఉంటాడు, జుట్టేమో నీలం. ఆ తర్వాత అందరిలాగే పసుపు రంగులోకి వచ్చేశాడు. రంగులు వేసే దగ్గర జరిగిన తప్పు అది. మళ్లీ గీసేందుకు డబ్బు, టైమ్ లేక అలాగే వదిలేశారు. ఇలాంటి తప్పుల్ని అభిమానులు ప్రేమగానే దాచుకుంటారు. ఇప్పటికీ క్విజ్‌లలో అడుగుతారు. దీని మీద ఎవరికీ కోపం లేదు.

హోమర్ గొంతు మారడం కూడా అలాంటిదే. డాన్ కాస్టెల్లనెటా మొదట్లో నటుడు వాల్టర్ మాథౌను అనుకరిస్తూ బొంగురుగా మాట్లాడేవారు. ఆ గొంతుతో అన్ని రకాల భావాలూ పలికించడం కష్టమై, రెండు మూడు సీజన్లలో ఇప్పుడు మనకు తెలిసిన గొంతుకు మళ్లారు.

మనుషుల స్వభావాలు కూడా అప్పటికి కుదురుకోలేదు. 1990 జనవరిలో వచ్చిన నాలుగో ఎపిసోడ్ ఇప్పుడు చూస్తే ఆశ్చర్యమేస్తుంది. ఆఫీస్ పిక్నిక్‌లో మార్జ్ తాగి తూలుతుంది. బుద్ధిమంతురాలైన లీసా అన్న బార్ట్‌తో కలిసి అల్లరి చేస్తుంది. వీళ్లందర్నీ చూసి సిగ్గుతో కుమిలిపోయేది హోమర్! కుటుంబాన్ని బాగుచేసుకోవాలని, కౌన్సెలింగ్ ఫీజు కోసం టీవీని తాకట్టు పెడతాడు. తర్వాతి కాలపు హోమర్ చేసే పని కాదది. పాత్రలు మారిపోయాయని వాపోయేటప్పుడు మొదటి సీజన్‌ను కొలబద్దగా ఎవరూ తీసుకోరు. మూడో సీజన్ నుంచి ఎనిమిదో సీజన్ దాకా, అంటే 1991 నుంచి 1997 వరకు స్థిరపడిన రూపాన్నే అసలు రూపంగా లెక్కిస్తారు.

అప్పటి టీవీ కామెడీలకు ఒక అలిఖిత నియమం ఉండేది. ఎపిసోడ్ అయ్యేసరికి అన్నీ మొదటికి రావాలి. ఉద్యోగం పోతే మళ్లీ దొరకాలి, ఇల్లు కాలితే మళ్లీ నిలబడాలి. ఎందుకంటే రిపీట్ ప్రసారాల్లో స్టేషన్లు ఏ ఎపిసోడ్ ముందు వేస్తాయో, ఏది వెనక వేస్తాయో చెప్పలేం. యానిమేషన్‌లో దీనికి ఇంకో వెసులుబాటు తోడైంది. మన డైలీ సీరియళ్లలో పిల్లలు పెద్దవాళ్లవుతారు, నటులు మానేస్తే రాత్రికి రాత్రి మొహం మారిపోతుంది. ఇక్కడ ఆ ఇబ్బంది లేదు. బార్ట్‌కు పదేళ్లు, లీసాకు ఎనిమిది, మ్యాగీకి ఏడాది. ముప్పై ఐదేళ్లు దాటినా అంతే.

సరిగ్గా ఇక్కడే రచయితలు ఒక పని చేశారు. ఈ వయసు పెరగని మనుషులకు తేదీలున్న గతాన్ని ఇచ్చారు. 1991 జనవరిలో వచ్చిన ఎపిసోడ్‌లో టీవీ చెడిపోతుంది, పిల్లల్ని కూర్చోబెట్టుకుని అమ్మానాన్నలు తాము కలిసిన కథ చెబుతారు. 1974, హైస్కూల్ చివరి ఏడాది. బాత్రూమ్‌లో సిగరెట్ తాగి దొరికిన హోమర్, మహిళా హక్కుల నిరసనలో పాల్గొన్న మార్జ్ శిక్షగా ఒకే గదిలో కూర్చోవాల్సి వస్తుంది. ఆమెతో గడపడానికి అతను ఫ్రెంచ్ రాదని చెప్పి ట్యూషన్ పెట్టించుకుంటాడు. ఆ తర్వాత 1980లో మార్జ్ గర్భవతి కావడం, 1984 ఒలింపిక్స్ నాటికి లీసా పుట్టడం కూడా చూపించారు. షోలో అత్యంత ఆప్యాయమైన ఎపిసోడ్లు ఇవే. ప్రేక్షకులు ఈ కుటుంబాన్ని జోకుల కోసమే చూడటం మానేసి, తెలిసిన మనుషుల్లా చూడటం మొదలుపెట్టింది వీటితోనే అని నా నమ్మకం.

1990 మార్చిలోనే ఇంటర్నెట్‌లో ఈ షో గురించి చర్చించే బృందం ఒకటి పుట్టింది. వెబ్‌సైట్లు ఇంకా లేని రోజులవి. వీసీఆర్‌లో రికార్డు చేసుకుని, ఫ్రేమ్ ఫ్రేమ్‌కు ఆపి చూసి, ఏ బోర్డు మీద ఏం రాసుందో, ఎవరి కారు రంగు ఎప్పుడు మారిందో రాసుకునేవారు. ఆ రాతల్ని షో రచయితలు కూడా చదివేవారు. 1997 ఫిబ్రవరి ఎపిసోడ్‌లో వాళ్లు దీన్నే తెర మీదకు తెచ్చారు. షో లోపల ఇంకో కార్టూన్ ఉంటుంది. అందులో పిల్లి ఎముకల్ని ఎలుక వాయిద్యంలా వాయిస్తుంది. ఒక కుర్రాడు లేచి, ఒకే పక్కటెముకను వరసగా రెండుసార్లు కొడితే రెండు వేర్వేరు స్వరాలు ఎలా వచ్చాయని నిలదీస్తాడు. కామిక్స్ షాపు యజమాని ‘ఇంతకన్నా చెత్త ఎపిసోడ్ లేదు’ అని తీర్పు చెప్పిందీ ఆ ఎపిసోడ్‌లోనే.

అభిమానులంటే ఇలా పక్కటెముకలు లెక్కపెట్టేవాళ్లే అన్న ముద్ర అప్పుడు పడింది. నేను దాన్ని ఒప్పుకోను. స్మిథర్స్ రంగును నవ్వుతూ వదిలేసినవాళ్లే ఎనిమిది నెలలు తిరక్కుండా వచ్చిన ఇంకో ఎపిసోడ్‌ను ఇప్పటికీ క్షమించలేదు. ఆ తేడా ఎక్కడుందో చూడాలి.

1997 సెప్టెంబర్ 28. స్కూల్ ప్రిన్సిపల్ స్కిన్నర్ అసలు స్కిన్నరే కాడని కథ. అతను ఆర్మిన్ టంజేరియన్ అనే వేరే మనిషి. వియత్నాం యుద్ధంలో చనిపోయాడనుకున్న సార్జెంట్ పేరు పెట్టుకుని, ఆ తల్లికి కొడుకుగా ఇన్నేళ్లూ బతికాడు. అసలు స్కిన్నర్ తిరిగొస్తాడు. ఊరివాళ్లకు, చివరికి ఆ తల్లికి కూడా అతను నచ్చడు. రైలుకు కట్టేసి పంపించేస్తారు. ఈ విషయం ఇకపై ఎవరెత్తినా చిత్రహింసలు తప్పవని జడ్జి స్నైడర్ ఉత్తర్వు ఇస్తాడు. పాత మనిషి పాత పేరుతో పాత కుర్చీలో కూర్చుంటాడు.

నియమం ప్రకారం అన్నీ మొదటికొచ్చాయి కదా, మరి కోపమెందుకు? స్కిన్నర్‌కు గొంతునిచ్చిన హ్యారీ షియరర్ 2001లో ఆ బాధను సూటిగా చెప్పారు. ఎనిమిది తొమ్మిదేళ్లుగా ప్రేక్షకులు ఒక పాత్ర మీద పెట్టుకున్న మమకారాన్ని కారణం లేకుండా చెత్తబుట్టలో పడేశారన్నది ఆయన అభ్యంతరం. కథ రాసిన కెన్ కీలర్ ఉద్దేశం వేరు. ఉన్నదాన్ని ఉన్నట్టే ఉంచమనే జనం స్వభావం గురించే తాను రాశానని ఆయన వాదన. రెండు వాదనల్లోనూ బలముంది. నా ఓటు మాత్రం షియరర్‌కే. తల్లి చాటు కొడుకుగా స్కిన్నర్ పడే అవస్థలన్నీ అప్పటిదాకా మనల్ని నవ్వించాయి, కాస్త జాలిపడేలా కూడా చేశాయి. ఆమె తల్లే కాదంటే ఆ సన్నివేశాలన్నీ వెనక్కి వెళ్లి పాడయ్యాయి.

షో ఆ గొడవను మర్చిపోలేదు. 2004 జనవరిలో లీసా పిల్లి స్నోబాల్ టూ చనిపోతుంది. తర్వాత తెచ్చిన పిల్లులూ చచ్చిపోయాక, అచ్చం పాతదానిలాగే ఉన్న ఇంకో పిల్లి దొరుకుతుంది. దానికీ స్నోబాల్ టూ అనే పేరు పెట్టేస్తుంది లీసా. అటుగా వచ్చిన ప్రిన్సిపల్, ఇది మోసం కాదా అంటాడు. నిజమే ప్రిన్సిపల్ టంజేరియన్ గారూ, అంటుంది లీసా. అతను ఇంకేం మాట్లాడకుండా వెళ్లిపోతాడు. ఆరేళ్ల నాటి ఎపిసోడ్ గుర్తులేకపోతే ఈ మాట అర్థం కాదు. ‘అసలు కథ’ అంటూ లేని షోలో ఇలాంటి సీన్ రాయలేరు.

2008 జనవరికి లెక్కలు పూర్తిగా తప్పాయి. 1974లో హైస్కూల్ ముగించిన తండ్రికి పదేళ్ల కొడుకంటే అప్పటికి వయసు కుదరదు. అందుకని ఒక ఎపిసోడ్‌లో హోమర్, మార్జ్‌లను 1990ల నాటి పెళ్లికాని జంటగా చూపించి, హోమర్ చేత గ్రంజ్ రాక్ సంగీతపు బ్యాండ్ పెట్టించారు. పాత అభిమానులు భగ్గుమన్నారు. 1990ల్లో ఆ ఇంట్లో ఏం జరిగిందో వాళ్లు ప్రతి వారం టీవీలో చూసినవాళ్లు మరి. అయితే 2021 మార్చిలో టీనేజీ హోమర్‌ను మళ్లీ 1990ల్లోనే పెట్టినప్పుడు గొడవ అంత లేదు. కాలం జరుగుతూ ఉంటుందన్న సంగతికి జనం అలవాటు పడ్డారు.

స్వభావాల మార్పు అంత త్వరగా జీర్ణం కాలేదు. పక్కింటి నెడ్ ఫ్లాండర్స్ మొదట్లో మంచి పొరుగువాడు, మంచి తండ్రి, చర్చికి వెళ్లేవాడు. పోనుపోను ఆ చివరిదొక్కటే మిగిలింది. ఒక పాత్రలోని ఒక్క గుణమే పెరిగి మిగతావన్నీ మింగేయడాన్ని ఇప్పుడు ఏ సిరీస్ గురించైనా అతని పేరుతోనే ‘ఫ్లాండరైజేషన్’ అంటున్నారు. హోమర్ విషయంలో ఇది ఇంకా బాధపెట్టింది. 1991లో లీసాకు గుర్రప్పిల్ల కొనిచ్చి, దాని ఖర్చుల కోసం రాత్రిళ్లు అపు అనే భారతీయుడి కిరాణా కొట్లో పనిచేసి నిద్రలేక పడిపోయిన తండ్రి అతను. తొంభైల చివరికి ఎదుటివాడికేమైనా పట్టించుకోని మొరటు మనిషయ్యాడు. రచయితలు మారారు. ఏటా ఇరవైకి పైగా ఎపిసోడ్లు రాయాలి. సూక్ష్మమైన గుణాల కన్నా గట్టి జోకు పండే గుణమే చేతికి తొందరగా దొరుకుతుంది.

మార్పు శాశ్వతమైన సందర్భాలూ ఉన్నాయి. 2000 ఫిబ్రవరిలో ఫ్లాండర్స్ భార్య మాడ్ చనిపోయింది. గొంతునిచ్చే నటి మ్యాగీ రోస్వెల్ పారితోషికం దగ్గర తేడా వచ్చి వెళ్లిపోవడమే దాని వెనక కారణం. టీచర్ ఎడ్నా పాత్ర 2013లో మార్షా వాలెస్ మరణంతో ముగిసింది. 1995 అక్టోబర్‌లో లీసా శాకాహారి అయింది. ఆ ఎపిసోడ్‌కు గొంతునివ్వడానికి బీటిల్స్ గాయకుడు పాల్ మెకార్ట్‌నీ పెట్టిన షరతు ఒక్కటే, లీసా మళ్లీ మాంసం ముట్టకూడదని. ఆ మాట ఇప్పటికీ తప్పలేదు.

ఆ ఎపిసోడ్‌లో లీసాను మేడ మీది తోటకు తీసుకెళ్లి మెకార్ట్‌నీ దంపతులకు పరిచయం చేసేది కిరాణా కొట్టు అపు. తన నమ్మకాన్ని ఎదుటివాళ్ల మీద రుద్దకుండానే వాళ్లను మార్చవచ్చని ఆమెకు ఓపిగ్గా చెబుతాడు. అపు పాత్ర అందంగా ఉన్న కొన్ని నిమిషాలవి. మిగతా చోట్ల అతని పని ఎక్కువగా ఆ యాసతో నవ్వించడమే. గొంతునిచ్చిన హ్యాంక్ అజారియా అమెరికన్ శ్వేతజాతీయుడు. ఆ యాసకు ‘ది పార్టీ’ సినిమాలో పీటర్ సెల్లర్స్ వేసిన భారతీయుడి పాత్ర కూడా ఒక ప్రేరణ అని ఆయనే చెప్పారు.

ఆ యాసతో స్కూళ్లలో వెక్కిరింపులు పడ్డ భారతీయ పిల్లలు అమెరికాలో ఎందరో. వాళ్లలో ఒకరు న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో పెరిగిన తెలుగింటి అబ్బాయి, కమెడియన్ హరి కొండబోలు. ఆయన ‘ది సింప్సన్స్’ అభిమాని కూడా. 2012లో ఒక టీవీ షోలో ఈ మాట ఎత్తి, 2017 నవంబర్‌లో ‘ది ప్రాబ్లం విత్ అపు’ డాక్యుమెంటరీ తీశారు. షోను ఆపమని ఆయన అడగలేదు. పాతికేళ్లకు పైగా ఒకే చోట ఆగిపోయిన పాత్రను పట్టించుకోమన్నారు.

2018 ఏప్రిల్ 8న షో జవాబిచ్చింది. ఒకప్పుడు అందరూ మెచ్చుకున్నది ఇప్పుడు తప్పయిపోయింది, ఏం చేస్తాం అని లీసా కెమెరా వైపు చూస్తూ అంటుంది. పక్కన అపు ఫొటో ఉంటుంది. నన్నడిగితే, స్కిన్నర్ ఎపిసోడ్ కన్నా ఇది పెద్ద తప్పు. ఊళ్లో ఎవరికి అన్యాయం జరిగినా గొంతెత్తే పిల్ల లీసా. శాకాహారం దగ్గర్నుంచి ఊరి స్థాపకుడి బండారం దాకా అందరినీ ఎదిరించింది. ఆ మాట ఆమె నోట పలికించడంతో ఇరవై తొమ్మిది సీజన్ల పాత్రను ఒక్క డైలాగ్‌తో తిరగరాసినట్టయింది. పైగా ఆ వాదనే నిలవదు. హోమర్ మారాడు, ఫ్లాండర్స్ మారాడు, పెళ్లినాటి దశాబ్దమే మారింది. అపు దగ్గరికి వచ్చేసరికి మార్చడం కుదరదంటే ఎలా?

2020 జనవరిలో అజారియా అపుకు ఇక గొంతునివ్వనన్నారు. అదే ఏడాది జూన్‌లో, శ్వేతజాతేతర పాత్రలకు శ్వేతజాతి నటులతో గొంతు చెప్పించబోమని షో ప్రకటించింది. నల్లజాతి పాత్రలైన కార్ల్‌కు అలెక్స్ డెసర్ట్, డాక్టర్ హిబ్బర్ట్‌కు కెవిన్ మైఖేల్ రిచర్డ్‌సన్ వచ్చారు. 2021లో అజారియా భారతీయులకు క్షమాపణ చెప్పారు. అపుకు మాత్రం కొత్త గొంతు రాలేదు. గుంపు సన్నివేశాల్లో వెనక వరసలో కనిపిస్తున్నాడు, మాట్లాడడు. షోను 40వ సీజన్ దాకా పొడిగిస్తున్నట్టు 2025 ఏప్రిల్‌లో ఫాక్స్ ప్రకటించింది. అతనికి ఒక భారతీయ నటుడితో గొంతునిచ్చి ఒక మంచి కథ రాయడానికి కావలసినంత సమయం రచయితల చేతిలో ఉంది.