తెల్లమచ్చ రుద్దితే పోదు

తెల్లమచ్చ ఉన్న ముందు పంటిని మెత్తటి గుడ్డతో తుడిచి కాసేపు ఆరనివ్వండి. మచ్చ ఇంకా తెల్లబడుతుంది. నాలుకతో తడిపితే మళ్లీ మసకబారుతుంది. పైనుంచి అంటిన మరక ఇలా మారదు.

కారణం ఎనామిల్‌లోని, అంటే పంటి పైనున్న గట్టి పొరలోని, కంటికి కనిపించని రంధ్రాలు. వాటిలో గాలి చేరితే వెలుతురు చెదిరి తెల్లగా కనిపిస్తుంది. వెలుతురును ఎంత వంచుతుందో చెప్పే వక్రీభవన గుణకం ఎనామిల్‌కు సుమారు 1.62, నీటికి 1.33, గాలికి 1. ఈ తేడా తగ్గేకొద్దీ మచ్చ మాయమవుతుంది, నూనె పడిన కాగితం పారదర్శకమైనట్టు.

పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల్లో ఈ మచ్చలకు ముఖ్య కారణం బోరు నీటిలోని ఫ్లోరైడ్. గట్టి రాతి పొరల్లోని ఖనిజాల నుంచి అది నీటిలోకి కరుగుతుంది. మన దేశంలో ఫ్లోరోసిస్‌పై, అంటే ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లకు, ఎముకలకు వచ్చే జబ్బుపై, 1937లో వచ్చిన తొలి వైద్య నివేదికలు నాటి నెల్లూరు జిల్లా పల్లెల గురించే. ఆ ప్రాంతం 1970లో కొత్త జిల్లాలో కలిసింది, దానికే తరువాత ప్రకాశం అని పేరు పెట్టారు. ఇన్ని దశాబ్దాల తరువాత కూడా ఇక్కడి పిల్లలను 'పళ్లు తోముకోరా?' అని అడగడం అన్యాయం. పన్ను చిగురు దాటి బయటికి రాకముందే, ఎనామిల్ ఏర్పడుతున్నప్పుడే ఆ లోపం పడింది. బొగ్గుపొడితో, ఇటుకపొడితో రుద్దితే అరిగేది మంచి ఎనామిల్, అది మళ్లీ పెరగదు.

దంతవైద్యులు ఇప్పుడు ఆ రంధ్రాలనే నింపుతున్నారు. పదిహేను శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లపు జెల్‌ను రెండు నిమిషాలు ఉంచి పైపొరను తెరుస్తారు. కడిగి, ఆల్కహాల్‌తో తేమ తీసేసి, రెజిన్ అనే, గట్టిపడే పలుచటి ద్రవాన్ని లోపలికి ఇంకనిచ్చి, నీలికాంతితో గట్టిపరుస్తారు. రెజిన్ గుణకం సుమారు 1.5, ఎనామిల్‌కు దగ్గర. డ్రిల్లింగ్, మత్తు సూది అక్కర్లేదు. పలుచటి మచ్చలకు ఇది చక్కగా పనిచేస్తుంది, లోతైనవి పూర్తిగా పోకపోవచ్చు. గోధుమరంగు చారలుంటే ముందుగా బ్లీచింగో, ఆమ్లంతో పైపొరను సున్నితంగా అరగదీయడమో అవసరమవుతుంది. పన్ను అరగదీసి వెనీర్ (పంటి ముందువైపు అంటించే పలుచటి పలక) అతికించడం నా దృష్టిలో చివరి మార్గం, ముఖ్యంగా చిన్న వయసువారికి.

ఇలాంటి మచ్చలున్న పిల్లల ఇంట్లో, పళ్లు లోపల ఇంకా ఏర్పడుతున్న ఎనిమిదేళ్లలోపు తమ్ముడో చెల్లెలో ఉంటే వాళ్లు తాగే నీటిని పరీక్ష చేయించాలి. ఫ్లోరైడ్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలిన దానిలో మరింత చిక్కబడుతుంది.